ప్రేమావతి టీచరు నోరు మూసుకున్న రోజు

ప్రేమావతి టీచరు ఎవరికి ఏది నేర్పినా మూడు విడతల్లో నేర్పుతుంది. మొదటిది, "నేను చేస్త, మీరు చూడుండ్రి." రెండోది, "ఇగ కలిసి చేద్దాం." మూడోది, "ఇగ మీరే చేయుండ్రి, నేను చూస్త." శంషాబాద్ నుంచి తుక్కుగూడ పోయే దారికి కాస్త లోపలగా ఉన్న కంచెగూడ బడిలో ఐదో తరగతి పిల్లలు లెక్కలన్నీ ఇలాగే నేర్చుకున్నారు. వాళ్లలో కొందరి తల్లులూ తండ్రులూ అదే గదిలో, అదే గొంతు విని, ఇలాగే నేర్చుకున్నారు.

ఈ పద్ధతి బడి గేటు దగ్గర ఆగదు. ఆరాంఘర్‌లో ఆటో ఎక్కితే ఆమె డ్రైవరుకు దారి చెప్పి, తిరిగి చెప్పించుకుంటుంది. చెప్పలేకపోతే దిగి ఇంకో ఆటో ఎక్కుతుంది. ఎయిర్‌పోర్టులో క్యాబు నడిపే భర్త యోనాకు పెళ్లైన కొత్తలో చాయ పెట్టడం నేర్పింది. మొదట తను పెట్టి చూపింది. తర్వాత ఇద్దరూ కలిసి పెట్టారు. అప్పటి నుంచి యోనా పెడుతున్నాడు, ఆమె చూస్తోంది. "మొదటి రోజే పాలు పొంగిచ్చి ఉంటే నాకీ గోస ఉండకపోవు" అని అతను తోటి డ్రైవర్లకు చెప్పుకుంటాడు.

బడి మీదుగా విమానాలు దిగుతాయి. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో ప్రతి విమానానికీ పిల్లలు బయటికి ఉరికేవాళ్లు. ఉరికిన పిల్లలను పట్టుకురావడానికి వెళ్లిన టీచర్లు కూడా తలెత్తి అక్కడే నిలబడేవాళ్లు. ప్రేమావతి దానికీ ఒక పద్ధతి పెట్టింది. చప్పుడు మొదలవగానే ఆమె కుడిచేయి పైకి లేస్తుంది, మాట ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. విమానం దాటగానే చేయి దిగుతుంది. ఆగిన మాటను పిల్లలంతా కలిసి పూర్తి చేస్తారు. అన్ని విమానాలు నెత్తి మీదుగా పోయినా ఆమె పాఠంలో ఒక్క వాక్యం కూడా సగంలో మిగిలిపోలేదు.

2012 వేసవిలో టీచర్లందరికీ ట్రైనింగు ఇచ్చారు. ఇక మీదట టీచరు చెప్పకూడదు, పిల్లలే గుంపులుగా కూర్చొని కనుక్కోవాలి. ట్రైనింగు ఇచ్చిన శ్రావణ్‌కుమార్ మంచి కుర్రాడు. ఓపిక ఎక్కువ, రంగు కాగితాలు ఇంకా ఎక్కువ. యాభై ఏళ్లు దాటిన టీచర్ల చేత ఆయన కప్పగంతులు వేయించాడు. ప్రేమావతి అందరితో పాటు గెంతి, చివర లేచి అడిగింది.

"కప్పలెక్క ఎందుకు దుంకినం సార్?"

"మీకేమనిపిస్తుంది మేడం?"

"మోకాళ్లు గుంజుతున్నట్టు అనిపిస్తుంది."

జూలైలో పై ఆఫీసరు బడికి వస్తున్నాడని కబురొచ్చింది. హెడ్మాస్టరు అనంతయ్య పైవాళ్లు చెప్పిన ప్రతి మాటనూ నమ్మే మనిషి. ఇద్దరు పైవాళ్లు రెండు రకాలుగా చెబితే రెండూ నమ్ముతాడు. ఆయన ప్రేమావతిని పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ప్రేమావతమ్మా, సోమవారం ఆఫీసరు మీ క్లాసే చూస్తడట. శ్రావణ్‌కుమార్ సార్ దగ్గరుండి చేయిస్తడు. మీరు మాత్రం పాఠం చెప్పొద్దు."

"చెప్తే ఏమైతది సార్?"

"పాత పద్ధతి అని రాస్తరు. పాత పద్ధతోళ్లను మండల ఆఫీసుకు డిప్యుటేషన్ మీద తోలుతున్నరు. మధ్యాహ్న భోజనం బియ్యం ఉంటది కద, ఆ బస్తాల లెక్క చూసుకోవాలె. మిగిలిన సర్వీసంత అక్కడ్నే."

"బస్తాలకు ఏం చెప్పినా తిరిగి చెప్పవు కద సార్."

"అందుకే జర నోరు మూసుకోమంటున్న." అనంతయ్య చాక్‌పీసుల డబ్బా తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇది చేతిల ఉంటే మీరు ఆగరు."

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెబితే యోనా చాయ గ్లాసు పట్టుకొని నిలబడిపోయాడు.

"పొద్దంత నోరు మూసుకొని కూసోవాల్నా? నువ్వా?"

"ఆఁ."

"ఆ ఆర్డరు ఇంట్ల గూడ వర్తిస్తదా?"

నవ్వించాలని అన్నాడు. ఆమె నవ్వలేదు. అప్పుడు యోనా కూడా గ్లాసు కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. పిల్లల ముందు నిలబడి చెప్పడం తప్ప ఆమెకు ఇంకో పని మీద మనసు లేదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బస్తాల మధ్య కూర్చోబెడితే నెల తిరక్కుండా ఆమె హమాలీలకు ఎక్కాలు మొదలుపెడుతుంది.

సోమవారం పొద్దున్నే అనంతయ్య బడి ముందు షామియానా వేయించాడు. రంగు జెండాల దండలు కట్టించాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఐసు టబ్బులో కూల్‌డ్రింకులు పెట్టించాడు. స్వాగతం అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గోడకు కట్టిస్తే దాని వెనక బడి పేరు పూర్తిగా మూసుకుపోయింది. వరండాలో ఒక కుర్చీ వేసి ప్రేమావతిని కూర్చోబెట్టి, "ఇగ మీరు ఇక్కడి నుంచి లేవొద్దు" అన్నాడు.

ఆ రోజు పాఠం వైశాల్యం. శ్రావణ్‌కుమార్ పిల్లలకు తాడూ, గూటాలూ, ఒక బస్తా సున్నం ఇచ్చాడు.

"ఈ గ్రౌండు మీది. కొలవండి. వైశాల్యం అంటే ఏమిటో మీరే కనుక్కోండి."

సునీల అనే పిల్ల చేయెత్తింది. ముందు బెంచీలో కూర్చొని, అర్థం కానిది అర్థం కాలేదని చెప్పే రకం. "వైశాల్యం అంటే ఏంది సార్?"

"నీకేమనిపిస్తుంది?"

"నాకు అనిపిస్తే మిమ్ములనెందుకు అడుగుత సార్?"

శ్రావణ్‌కుమార్ మెచ్చుకోలుగా తలూపి పక్క గుంపు దగ్గరికి వెళ్లాడు. దాంతో పెత్తనం జీవన్ చేతిలోకి పోయింది. జీవన్ మేనమామ మల్లేశ్వర్ శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మిపెడతాడు. ఆ మాటకొస్తే క్లాసులో ప్రతి పిల్లకూ పిల్లగాడికీ ప్లాట్లు అమ్మే మామో, అమ్ముకున్న తాతో ఉన్నారు.

"గ్రౌండు ఎందుకు కొలుస్తరు?" అన్నాడు జీవన్. "ప్లాట్లు చేసేటందుకే. పట్టుండ్రి తాడు."

బడి పక్క చేనులో ఎప్పుడో ఆగిపోయిన వెంచరు తాలూకు హద్దు రాళ్లు పసుపు తలలతో పడి ఉన్నాయి. పిల్లలు వాటిని మోసుకొచ్చారు. మధ్యలో ముప్పై అడుగుల రోడ్డుకు సున్నం పోశారు. రెండు వైపులా ప్లాట్లు విడగొట్టి, మూలల్లో రాళ్లు పాతారు. మూత్రశాల పక్కన ఎవరూ ప్లాటు కొనరని దాన్ని పార్కుకు వదిలారు. కార్నర్ బిట్లు రెండు వచ్చాయి. కొలత కూడా వాళ్లే కనుక్కున్నారు. ప్లాటు చుట్టూ పెద్ద పెద్ద అంగలేస్తూ నడవాలి, ఎన్ని అంగలు వస్తే ప్లాటు అంత.

"అద్భుతం" అన్నాడు శ్రావణ్‌కుమార్.

వరండాలో ప్రేమావతి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే రోడ్డు మీద పోతున్న కారొకటి వెనక్కి వచ్చి ఆగింది. సెలవు పెట్టుకొని ప్లాట్లు చూసుకుంటూ తిరుగుతున్న దంపతులు దిగారు. ఇద్దరిదీ కోస్తా వైపు మాట. కళ్లద్దాల పెద్దమనిషి షామియానా చూశాడు, జెండాలు చూశాడు, పసుపు రాళ్లు చూశాడు. నేరుగా శ్రావణ్‌కుమార్ దగ్గరికొచ్చాడు.

"ఏమండీ, ఇది కొత్త వెంచరాండీ?"

నెలల తరబడి ఎవరికీ సూటిగా జవాబు చెప్పకుండా శ్రావణ్‌కుమార్‌కు అలవాటు ముదిరిపోయింది. వాళ్లమ్మ అన్నం తింటావా అని అడిగినా అదే వరస.

"మీకేమనిపిస్తోందండీ?" అన్నాడు.

పెద్దమనిషి చుట్టూ కలియజూశాడు. "మొదటి ఫేజులా అనిపిస్తోంది."

"ఎందుకలా అనిపించింది?"

"రోడ్లు ఇంకా వేయలేదు కదండీ. అనుమతులన్నీ వచ్చాయా?"

"వచ్చాయో లేదో మీరెలా తెలుసుకుంటారు?"

పెద్దమనిషి భార్యను పక్కకు తీసుకెళ్లాడు. "చూశావా, అమ్మాలన్న ఆత్రమే లేదు. పరువైన పార్టీలా ఉంది."

"ఆ చివరిది ఈస్ట్ ఫేసింగేనేమో అడగండి" అంది ఆవిడ.

అనంతయ్యకు కారు కనబడింది. కారులో వచ్చినవాళ్లు ఆఫీసరు కంటే ముందు వచ్చిన ఆఫీసరు మనుషులు తప్ప ఇంకెవరు కాగలరు? పరుగున వచ్చి ఇద్దరికీ కూల్‌డ్రింకులిచ్చి కుర్చీలు చూపించాడు. దాంతో వాళ్లకు మిగిలిన అనుమానం కాస్తా పోయింది.

ఆ రోజుల్లో శంషాబాద్ చుట్టుపక్కల ఖాళీ జాగా ముందు ఒక కారు ఆగితే చాలు, దాని వెనక ఇంకోటి ఆగేది. రెండు ఆగితే మూడోదాన్ని ఎవరూ ఆపలేరు. ఎడ్ల బండి మీద పోతున్న ముత్తమ్మ అనే ముసలామె కూడా దిగి వచ్చి ఒక కుర్చీలో కూర్చుంది. నలుగురు కూర్చున్నచోట కూల్‌డ్రింకు ఇస్తారని ఆమెకు అనుభవం.

ఈ వార్త మల్లేశ్వర్ చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. బండి మీద దూసుకొచ్చి, రాళ్లు చూసి నోరు తెరిచాడు. తన ఇలాకాలో తనకు తెలియని వెంచరు లేవడం అతనికి తలవంపుగా ఉంది. మేనల్లుణ్ని చెట్టు చాటుకు గుంజాడు.

"ఏం రా అల్లుడా, నాకు చెప్పకుంట వెంచరేసినవ్?"

"వైశాల్యం మామా."

"పేరు మంచిగుంది. వైశాల్యం గ్రీన్ సిటీ." అని జుట్టు సరిచేసుకొని జనం మధ్యలోకి నడిచాడు. "రాండ్రి సార్, రాండ్రి అక్కా, ఇది మనదే."

ప్రేమావతి ఇక ఉండబట్టలేక కుర్చీ అంచుకు జరిగింది. "సార్, వీళ్లు బడిని కొంటున్నరు."

"ష్" అన్నాడు అనంతయ్య. "పిల్లలు కనుక్కుంటున్నరు."

"ఏం కనుక్కుంటున్నరు?"

"అది మనం చెప్పొద్దు."

ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. తలుపు తీసింది మల్లేశ్వరే. "మంచి టైముకొచ్చిన్రు సార్. కార్నర్ బిట్టు ఒక్కటే మిగిలింది."

ఆఫీసరు దిగి చూశాడు. పిల్లలు తాళ్లు పట్టుకొని ఉన్నారు. పెద్దలు బేరమాడుతున్నారు. ముసలామె కూల్‌డ్రింకు తాగుతోంది. ఆయన మొహం విప్పారింది. పిల్లలూ పెద్దలూ కలిసి పాఠాన్ని నాటకంలా ఆడటం ఏ బడిలోనూ చూడలేదని శ్రావణ్‌కుమార్ భుజం తట్టాడు. ఆటలో తానూ చేరదామనుకొని, "ఈస్ట్ ఫేసింగ్ ఉందా?" అని అడిగాడు. అడిగాక నిజంగానే తూర్పు వైపు చూశాడు.

ఆ తర్వాత జీవన్‌ను పిలిచాడు. ఐదు అంగల పొడవు, ఐదు అంగల వెడల్పు ఉన్న ప్లాటు చూపించాడు. "ఇది ఎంత?"

"ఇరవై సార్."

పక్కనే ఎనిమిది అంగల పొడవు, రెండు అంగల వెడల్పు ఉన్న సందులాంటిది ఉంది. "మరి ఇది?"

"అది గూడ ఇరవై. చుట్టూ తిరిగినం సార్. రెండూ ఒక్కటే."

"అన్నిటికంటే పెద్దది ఏది?"

"కార్నర్ బిట్టు."

"ఎట్ల తెలుసు?"

"రేటు ఎక్కువ కద సార్."

కళ్లద్దాల పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "ఇదెక్కడి వెంచరండీ? ఈ సందూ ఆ ప్లాటూ ఒకటేనా? పిల్లల చేత కొలిపించి అమ్ముతారా?"

"వెంచరేంది?" అన్నాడు ఆఫీసరు. "ఇది బడి."

అందరూ ఒక్కసారి ఫ్లెక్సీ వైపు చూశారు. గాలికి దాని మూల లేచి, వెనక బడి పేరులో కొంత భాగం కనబడింది. ముత్తమ్మ కూల్‌డ్రింకు గబగబా తాగేసింది.

"ఇంతసేపూ నాతో మాట్లాడారు కదండీ" అన్నాడు పెద్దమనిషి శ్రావణ్‌కుమార్‌తో. "బడి అని ఒక్క మాట చెప్పలేదేం?"

"మీరే కనుక్కుంటారని" అన్నాడు శ్రావణ్‌కుమార్.

ఆఫీసరు అతనివైపు తిరిగాడు. "పిల్లలు చెప్పింది తప్పు. ఇప్పుడు ఏం చేద్దాం?"

"మీకేమనిపిస్తోంది సార్?"

"నాకు అనిపిస్తున్నది నీకు నచ్చదు."

అప్పుడు సునీల వరండా వైపు వేలు చూపించింది. "టీచర్‌ను అడుగుదమా సార్? ఆమెకు ఎరుక."

"ఆమె టీచరా?" ఆఫీసరు అటు చూశాడు. "మరి మీరు పొద్దట్నుంచి ఏం చేస్తున్నరమ్మా?"

"నోరు మూసుకుంటున్న సార్" అంది ప్రేమావతి. "మా సార్ అదే పని చెప్పిండు."

అనంతయ్య ఆమె వైపు రెండు చేతులూ జోడించాడు, ఎవరికీ కనబడకుండా, బొడ్డు దగ్గర. లేచి పాఠం చెబితే బియ్యం బస్తాలు ఖాయం. అది ఆమెకు తెలుసు. కూర్చుంటే మాత్రం చుట్టూ తిరిగిందే వైశాల్యమని ఈ పిల్లల తలల్లో గట్టిపడుతుంది. మెదళ్లలో పాతుకున్న తప్పును పెరకడం కంటే ఖాళీ జాగాలో కొత్తది నాటడం సులువని ఏళ్ల తరబడి చూసింది. ఇక ఆలస్యం చేస్తే రాయి ఊడిరాదు.

లేచింది. చాక్‌పీసు లేదు కాబట్టి బస్తాలోంచి గుప్పెడు సున్నం తీసుకుంది.

"అందరు ఇటు రాండ్రి. నేను చేస్త, మీరు చూడుండ్రి."

పిల్లలు ఉరికొచ్చి వరసలో కూర్చున్నారు. కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే, కిందికి దిగారు. ఆ గొంతులో అలాంటిదేదో ఉంది.

"చుట్టూ తిరిగితే ప్రహరీ గోడ పొడుగు తెలుస్తది. లోపల జాగ ఎంతో తెల్వదు. లోపల తెల్వాలంటే లోపల నింపాలె." సందు ప్లాటులో అడ్డం ఒక గీత, నిలువు గీతలు వరసగా పోసింది. "అంగ పొడుగు, అంగ వెడల్పు, ఇది ఒక గడి. ఒక వరుసల ఎన్ని గడులు? నేనే లెక్కపెడుత, వినుండ్రి." లెక్కపెట్టింది. "ఎనిమిది. అసొంటి వరుసలు రెండు. రెండు ఎనిమిదులు..."

విమానం వచ్చింది. ఆమె చేయి పైకి లేచింది. పిల్లల నోళ్లు ఆగాయి. ఆఫీసరు ఏదో అడగబోయి, తానొక్కడే నోరు తెరిచి ఉన్నానని గమనించి మూసుకున్నాడు. ఫోను చెవిన పెట్టుకున్న మల్లేశ్వర్ కూడా మాట మధ్యలోనే ఆపేశాడు. ఏడో తరగతి దాకా అతనూ ఈ బడే. అప్పటికి విమానాలు లేకపోయినా ఈ చేయి లేస్తే నోరు మూయాలని తెలుసు. విమానం చింతచెట్ల వెనక్కి దిగింది. చేయి దిగింది.

"పదహారు" అన్నారు పిల్లలంతా. వాళ్లతో పాటు కళ్లద్దాల పెద్దమనిషి కూడా అన్నాడు. ఆయన బ్యాంకులో మేనేజరు.

"ఇగ కలిసి చేద్దాం." ఐదైదుల ప్లాటులో గీతలు ఆమె కొన్ని పోసింది, పిల్లలు కొన్ని పోశారు. వరుసకు ఐదు, ఐదు వరుసలు. ఇరవై ఐదు దగ్గరికి వచ్చేసరికి జీవన్ లేచి నిలబడ్డాడు. "అంటే రెండూ ఒక్కటి కాదా టీచర్? చుట్టూ ఒక్కటే గని లోపల వేరేనా?"

"నువ్వే చెప్పు."

"వేరే."

"అందరు చెప్పుండ్రి."

చెప్పారు. ముత్తమ్మ అందరికంటే కొంచెం వెనకగా చెప్పింది.

"మంచిది. ఇగ పోయి మీ ప్లాట్లు మీరే చేయుండ్రి. నేను చూస్త."

పిల్లలు సున్నం తీసుకొని తలో ప్లాటు మీద పడ్డారు. ఒకరు గీతలు తప్పుగా పోస్తే ఇంకొకరు తిట్టి సరిచేశారు. పార్కు లోపల ఎన్ని గడులున్నాయో ఎవరూ చెప్పకుండానే సునీల లెక్కగట్టింది. రోడ్డు తిరగడానికి మూల కోసేసిన కార్నర్ బిట్టు దగ్గర జీవన్ చాలాసేపు తల గోక్కున్నాడు. సగం గడులను జతచేస్తే ఒక గడి అవుతుందని అతనే పట్టుకున్నాడు. చివరికి గట్టిగా అరిచాడు.

"మామా, కార్నర్ బిట్టే అన్నిటికంటే చిన్నగుంది."

"జర మెల్లగ చెప్పు రా" అన్నాడు మల్లేశ్వర్.

శ్రావణ్‌కుమార్ ప్రేమావతి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మేడం, వీళ్లు ఇప్పుడు సొంతంగానే కనుక్కుంటున్నారు. పొద్దున ఎందుకు కాలేదు?"

ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది. మీకేమనిపిస్తుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. కుర్రాడి మొహం చూసి వదిలేసింది.

"అసలే తెల్వనిదైతే ముందు చెప్పాలె. చేసి చూపాలె. పట్టుబడిందా, అప్పుడు వదిలెయ్యాలె, మల్ల వెంటబడొద్దు. మీరు చివర చేసేది ముందు చేసిన్రు. గంతే. ఇగ మీరు చెప్పుండ్రి."

"తెలియనిదైతే ముందు చెప్పాలి" అన్నాడు శ్రావణ్‌కుమార్. "పట్టుబడ్డాక వదిలేయాలి."

"మంచిది."

ఆఫీసరు వెనక నిలబడి అంతా విన్నాడు. అనంతయ్య గుండె చిక్కబట్టుకొని ఆయన పక్కనే ఉన్నాడు.

"ఏం సార్" అన్నాడు ఆఫీసరు. "మీ బడిల చాక్‌పీసులు లేవా? సున్నంతోని ఎందుకు రాపిస్తున్నరు?"

"ఉన్నయి సార్. బీరువాల ఉన్నయి."

"తీసి ఆమెకియ్యండి. ఆమె పాఠం చెప్పుకోవాలె కద. బస్తాల దగ్గరికి ఇంకెవర్నన్న చూస్త."

అనంతయ్య జేబులు తడుముకున్నాడు. తాళంచెవి ఆయన భార్య శివమ్మ కొంగుకు కట్టి ఉంది. శివమ్మ అన్న కొడుకును చూడటానికి దవాఖానకు పోయింది. ఆమె ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియదు. ఆఫీసరు ముందు తెలియదని చెప్పే ధైర్యమూ లేదు.

"ఒక రాయి తెండ్రి" అంది ప్రేమావతి.

జీవన్ కార్నర్ బిట్టు రాయి పీక్కొచ్చాడు. ప్రేమావతి బీరువా ముందు నిలబడి, అనంతయ్యనూ ఆఫీసరునూ చెరో పక్కన నిలబెట్టింది.

"నేను ఒక దెబ్బ కొడుత, మీరు చూడుండ్రి." కొట్టింది. "ఇగ కలిసి కొడదాం." ముగ్గురూ రాయి మీద చేతులేసి కొట్టారు. "ఇగ మీరే కొట్టుండ్రి సార్."

మూడో దెబ్బ అనంతయ్యది. తాళం ఊడిపోయింది.

కళ్లద్దాల పెద్దమనిషికి ఇంటికి పోయాక కూడా ఆ తూర్పు ప్లాటు మీద మనసు పోలేదు. కూల్‌డ్రింకు తాగుతున్నప్పుడు అనంతయ్య దగ్గర ఫోను నంబరు తీసుకొని ఉంచాడు. నెలకోసారైనా ఫోను చేసి, బడిని ఎప్పుడైనా వేరే చోటికి మారుస్తారేమో అని వాకబు చేసేవాడు. అనంతయ్య మొహమాటపడి, కనుక్కొని చెప్తానండీ అనేవాడు. ఒకరోజు ఫోను మోగేటప్పటికి ప్రేమావతి అక్కడే ఉంది. చేయి చాచి తీసుకుంది.

"హలో. ఇది బడి. అమ్మేది లేదు. ఇగ కలిసి చెప్దాం. ఇది బడి, అమ్మేది లేదు. ఆఁ, ఇగ మీరే చెప్పుండ్రి."

అవతలి నుంచి "ఇది బడి. అమ్మేది లేదండీ" అన్న గొంతు అనంతయ్యకు కూడా వినబడింది.

"మంచిది" అని ప్రేమావతి ఫోను పెట్టేసి క్లాసుకు పోయింది. ఆ పెద్దమనిషి మళ్లీ ఫోను చేయలేదు.